కుందూ ఒడ్డు గుడిలో సత్తు గ్లాసు

నంద్యాలలో కుందూ నది ఒడ్డున ఒక చిన్న గుడి ఉంది. మిషనరీ దొరలు దాన్ని చాపెల్ అన్నారు, ఊరవతల పేట జనం, అంటే గేరి జనం, గుడి అన్నారు. నూరేళ్ళ కిందట కరువులో కూలికి గింజలు కొలిచి కట్టించిన గుడి అది. రోడ్డు పక్కన పెద్ద చర్చి లేచాక దీన్ని మనుషులు వదిలేశారు, గబ్బిలాలు మాత్రం వదల్లేదు. నూరేళ్ళ పండుగ పేరుతో ఆ గుడిని బాగుచేసి పేట చరిత్ర చూపించే మ్యూజియం పెడదామని 1984లో సంఘం పెద్దలు తీర్మానం చేశారు. చేసి, ముందుగా పిలిచింది దేవమ్మను. గబ్బిలాల పెంట ఎత్తాలి కదా, అట్లాంటి పనికి పెద్దల నడుములు వంగవు.

దేవమ్మకు అప్పటికి అరవై రెండేళ్ళు. ఆ గుడి చాకిరీ ఆమెకు వాళ్ళమ్మ పాపమ్మ నుంచి వచ్చింది. ఊడవడం, నాపరాళ్ళు కడగడం, గంట కొట్టడం, నెలకోసారి ప్రభు భోజనానికి ముందురోజు ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, వడకట్టి రసం సిద్ధం చేయడం. చదువు లేదు గానీ కీర్తనలు రెండొందలు నోటికి వచ్చు. మొగుడు అంకన్న జిన్నింగు మిల్లులో దూది పీల్చి పీల్చి దగ్గుతోనే పోయాడు. పిల్లలు లేరు. నోరు మంచిది కాదని గేరిలో పేరు. ఎదుటివాడు పిసరంత తప్పు చేసినా మొహం మీదే కడిగేస్తుంది. తన తప్పు ఒకటుంది. దాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నోటికి ఇరవై ఐదేళ్ళుగా తాళం పడింది.

పెంట ఎత్తడానికి నాలుగు రోజులు పట్టింది. మోకాలి లోతున పేరుకుపోయి ఉంది. కొంగు ముక్కుకు చుట్టుకున్నా ఆ వాసన గొంతులోకి దిగింది. ఇంటికొచ్చి రెండుసార్లు తలకు పోసుకున్నా అన్నం ముద్దలో అదే కంపు. ఐదోరోజు మేస్త్రి మద్దిలేటి వెనక గోడకు కొత్త గార పూయడానికి పాతది కొడుతుంటే ఒకచోట డొల్ల శబ్దం వచ్చింది. రాళ్ళు అడ్డంపెట్టి మూసేసిన గూడు. లోపల ఒక సత్తు గ్లాసు బోర్లించి ఉంది, అంచు దగ్గర సొట్ట.

"ఏందవ్వా ఇది? లంకెబిందెలు అనుకుంటి," అన్నాడు మద్దిలేటి నవ్వుతూ.

దేవమ్మ నవ్వలేదు. గ్లాసు తీసుకుని కొంగుతో తుడిచింది. నాలుగు రోజుల పెంటకు పుట్టని రోత ఆ గ్లాసుకు పుట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు, చెప్పాలంటే నోరు చేదవుతుంది. ఆ గుడికి రెండు గేరుల జనం వచ్చేవాళ్ళు, పై గేరి, కింది గేరి. ఊరి లెక్కలో రెండూ ఒకటే. రెంటినీ ఊరు అవతలే ఉంచింది, రెంటికీ బావి దగ్గర దోసిట్లోనే నీళ్ళు పోసింది. కానీ పై గేరి వాళ్ళకు తమ కింద ఇంకొకరు లేకపోతే పూట గడవదు. దేవుణ్ణి మార్చుకున్నారు గానీ ఈ బుద్ధిని మార్చుకోలేదు. ప్రభు భోజనం రోజు బల్ల మీద వెండి గిన్నె ఉండేది. ముందు పై గేరి వాళ్ళు వరుసకట్టి మోకరించేవాళ్ళు, గిన్నె చేతులు మారుతూ పోయేది. వాళ్ళది అయ్యాక మిగిలిన రసాన్ని ఈ సత్తు గ్లాసులోకి వంచేవాళ్ళు. అప్పుడు కింది గేరి వాళ్ళు వచ్చి అందులో తాగేవాళ్ళు. పాస్టరు అయ్యగారు చదివే వాక్యం మాత్రం రెండు వరుసలకూ ఒకటే. వెండి గిన్నెను మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టడం, సత్తు గ్లాసును పెరట్లో బూడిదతో తోమి వెనక గోడ గూట్లో బోర్లించడం దేవమ్మ పని. దేవమ్మది పై గేరి.

ఇదే దేవమ్మ ఒకసారి బస్టాండు దగ్గర హోటల్లో టీ అడిగితే, బయట చూరుకు వేలాడేసిన గ్లాసు తీసుకోమన్నారు. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే తగిలించి పొమ్మన్నారు. ఆమె టీ వద్దని, హోటలువాడి ఏడు తరాలనూ తిట్టిపోసి వచ్చింది. మర్నాడు ఆదివారం, ప్రభు భోజనం రోజు. సత్తు గ్లాసును ఎప్పట్లాగే బూడిదతో తోమి గూట్లో బోర్లించింది. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. చూరుకు వేలాడే గ్లాసూ గూట్లో బోర్లించిన గ్లాసూ ఒకటేనని ఆమెకు ఆ రోజు తట్టనేలేదు.

తట్టింది 1959 ఈస్టరు నాడు జరిగినదాని తర్వాతే. కింది గేరిలో మార్తమ్మ అని ఒక మనిషి ఉండేది, ముప్పై ఏళ్ళు ఉండవు. శుభ శుక్రవారం నుంచీ ఉపవాసం ఉంది. పైగా జ్వరం. ఆ తూలుడులో చూసుకోకుండా పై గేరి వరుస చివర మోకరించింది. పక్కామె కూడా చూడకుండానే గిన్నె అందించింది. మార్తమ్మ రెండు చేతులా పట్టుకుని పెదవుల దాకా తెచ్చుకుంది. వరుస చివర గుడ్డ పట్టుకుని నిలబడ్డ దేవమ్మ ఒక్క అంగలో వచ్చి ఆ గిన్నెను లాగేసింది. రసం మార్తమ్మ తెల్లచీర మీద ఒలికింది. దేవమ్మ అంతటితో ఊరుకోలేదు. అందరూ చూస్తుండగా ఆ గిన్నె అంచును గుడ్డతో తుడిచింది, తుడిచిందే తుడిచింది. మార్తమ్మ లేచి పక్క వాకిట్లోంచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుడి మెట్టెక్కలేదు. ఏడాది తిరక్కుండా మొగుణ్ణీ పిల్లనూ తీసుకుని ఆళ్ళగడ్డకు పోయింది.

ఎందుకట్లా లాక్కున్నావని అడిగినవాళ్ళకు, అయ్యగారు కంటితో సైగ చేశాడని దేవమ్మ చెప్పింది. ఆ అయ్యగారు ఎవరితోనూ వాదన పెట్టుకోని మనిషి. అవునూ అనలేదు, కాదూ అనలేదు. పెద్ద చర్చి కట్టాక ఒక్కొక్కరికి ఒక్కో బుల్లి గాజు గ్లాసు వచ్చింది. దాంతో రెండు గిన్నెల తంతు లేకుండా పోయింది. ఎవరూ బుద్ధి తెచ్చుకుని మానలేదు, అవసరం తప్పి మానారు. పాత గుడి గూటికి ఎవరో రాళ్ళు పెట్టి గార పూసేశారు.

ఆ మధ్యాహ్నం దేవమ్మ గ్లాసును పెద్దల ముందు పెట్టింది. గుడి వాకిట్లో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు సంఘం ప్రెసిడెంటు సంజీవయ్య, పై గేరి. ఇంకొకరు సెక్రెటరీ ఇమ్మానుయేలు సారు, కింది గేరి, హెడ్మాస్టరుగా రిటైరైనవాడు. మ్యూజియం ఆలోచన ఆయనదే.

సంజీవయ్య గ్లాసు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. "ఏందీ ఇది? పనోళ్ళు కల్లు తాగేకి పెట్టుకున్నెట్టుండారు. పారెయ్."

"ప్రభు బల్ల గ్లాసు, అన్నా. కింది గేరోళ్ళ గ్లాసు. నీకు తెల్దా?"

"నాకేం తెల్దు. అట్లాంటివి మన గుళ్ళో యానాడూ లేవు. అందరం ఒకే గిన్నెలో తాగినాం."

తెల్లటి పంచె, తెల్లటి మీసం, నల్లటి అబద్ధం. దేవమ్మ అతన్ని వదిలేసి ఇమ్మానుయేలు సారు వైపు తిరిగింది. ఆయన తన పక్షాన ఉంటాడనుకుంది.

"మీ అమ్మ జయమ్మ తాగిన గ్లాసు గదా సారూ. లోపల పెడదాం. జరిగింది జనానికి తెలియల్ల."

ఇమ్మానుయేలు సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా అమ్మ తాగింది. నేనూ తాగినా. ఆ సత్తు రుచి ఇంగా నా నాలిక మింద ఉండాది. అయితే ఏం జేద్దామంటావ్? నా మనవరాలు కాలేజీలో చదువుతాండాది. గేరి అంటే ఏందో దానికి ఇంతవరకూ తెల్దు. నువ్వు పిలిచి చూపిస్తావా? కడుపు చించుకుంటే కాళ్ళ మింద పడ్తాది దేవమ్మక్కా. పారేసెయ్."

యాభై ఏళ్ళలో ఏ సంగతికీ కలవని రెండు గేరుల పెద్దలు ఈ ఒక్క సంగతికి చక్కగా కలిశారు. దేవమ్మకు వాళ్ళిద్దరి మీదా ఉమ్మేయాలన్నంత రోత పుట్టింది. గ్లాసును పారేస్తానని చెప్పి కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. తాను చచ్చేలోపల ఆ గ్లాసు ఆ గుళ్ళో అందరి కళ్ళ ముందూ ఉండాలి. ఆమెకు ఇంకో కోరిక లేదు. తాను పోతే సంజీవయ్య అబద్ధమే చరిత్ర అవుతుందని ఆమెకు బాగా తెలుసు.

గుడి తయారైంది. కొత్త సున్నం, కొత్త తలుపులు, గోడల వెంట అద్దాల బీరువాలు. వాటిల్లో దొరగారి టోపీ, దొరగారి చేతికర్ర, దొరసానమ్మ గొడుగు, పలికీ పలకని హార్మోనియం. దొరగారి కట్టుడు పళ్ళ సెట్టు కూడా ఒకటి, గాజు సీసాలో ఇకిలిస్తూ. ఎవడో చచ్చిన దొర పళ్ళకు చోటుంది గానీ, తరతరాలుగా ఆ గుడికి రాళ్ళు మోసి, నేల అలికి, గడప దగ్గర కూర్చున్న జనం నోరు తగిలిన గ్లాసుకు చోటు లేదు. నడుమ బల్ల మీద పట్టుగుడ్డ పరిచి వెండి గిన్నె పెట్టారు. దాని కింద అట్ట మీద సంజీవయ్య రాయించిన మాట: శతాబ్ద కాలము ఈ సంఘమంతయు ఒకే గిన్నెనుండి పానము చేసెను. మద్దిలేటి చదివి వినిపిస్తే దేవమ్మ చీపురు కింద పడేసి బయటికి వచ్చేసింది.

ప్రారంభోత్సవానికి వారం ముందు ఆమె ఆళ్ళగడ్డ బస్సెక్కింది. మార్తమ్మ చనిపోయి తొమ్మిదేళ్ళయిందని తెలుసు. కూతురు లూదియా అక్కడే బడిపంతులమ్మ అని కూడా తెలుసు. ఆళ్ళగడ్డలో దిగితే వీధి పొడుగునా ఉలి దెబ్బలు. దేవుళ్ళ విగ్రహాలు చెక్కే ఆ శిల్పుల దగ్గరే ఒక మూల నంద్యాల గుడి శిలాఫలకం కూడా తయారవుతోందని, దాని మీద పెద్దల పేర్లన్నీ ఉన్నాయని ఆమె విన్నది. చూడబుద్ధి కాలేదు. అడుక్కుంటూ అడుక్కుంటూ లూదియా ఇల్లు చేరింది.

లూదియా వాకిట్లో కూర్చుని కొర్రల్లో రాళ్ళు ఏరుతోంది. "ఎవరమ్మా?"

"నంద్యాల నుంచి వచ్చినా బిడ్డా. దేవమ్మను. గుడి దేవమ్మను."

చేటలో చేయి ఆగింది. దేవమ్మ మెట్టు మీదే కూర్చుని సంచిలోంచి గ్లాసు తీసి మధ్యలో పెట్టింది.

"మా అమ్మ మళ్ళా యా గుళ్ళోకీ పోలేదు," అంది లూదియా గ్లాసు వైపే చూస్తూ. "ఇంట్లోనే ప్రార్థన. సచ్చేముందు ఈడి అయ్యగారు ఇంటికే గిన్నె తెచ్చినాడు. తాగమ్మా, నీ కోసరమే తెచ్చినా అని బతిమలాడినాడు. మా అమ్మ నోరు తెరవలేదు. పండ్లు బిగబట్టింది. అట్లనే పోయింది."

దేవమ్మ గ్లాసును తన వైపు జరుపుకుంది. "నేను కావాలని చేసింది కాదు బిడ్డా. అయ్యగారు సైగ చేసె. ఊడ్చేదాన్ని, నేనేం జేస్తా?"

లూదియా ఆ మాటను ముట్టుకోలేదు. "ఇప్పుడేం కావల్ల నీకు?"

"ఇది గుళ్ళో పెట్టల్ల. నేను సచ్చేలోపల. పెద్దోళ్ళు ఒప్పుకోలేదు. నువ్వు మార్తమ్మ బిడ్డవు. నువ్వొచ్చి నిలబడితే కాదనేకి వాళ్ళకు నోరు రాదు."

"ఒట్టి గ్లాసు పెడితే జనానికేం తెలుస్తాది? ఎవరిదో పాత గ్లాసు అనుకుంటారు. ఎవరు, ఎవరికి, ఏం జేసినారో రాసి పెట్టల్ల. రాస్తామంటే వస్తా."

"నాకు రాసేకి రాదు గదా."

"నేను రాస్తా. నువ్వు చెప్పు. అందరి ముందరా చెప్పల్ల, ఈడ మెట్టు మింద గాదు."

దేవమ్మ సరేనంది. తిరుగు బస్సులో ఆమెకు నోట్లో నీళ్ళూరాయి, వాంతి వచ్చే ముందు ఊరినట్టు. సంజీవయ్య మీదా ఇమ్మానుయేలు మీదా ఇన్నాళ్ళూ పుట్టిన రోత ఇప్పుడు తన ఒంటి మీదికే పాకినట్టనిపించింది. కిటికీలోంచి ఉమ్మింది, నోరు కడుక్కుంది, పోలేదు.

ప్రారంభోత్సవం డిసెంబరులో ఒక శనివారం పొద్దున. షామియానా, మైకు, పూలదండలు, ఎవరో పెద్ద ఆఫీసరు. తాళంచెవి దేవమ్మ దగ్గరే ఉంటుంది కాబట్టి తెల్లవారగానే లోపల ఊడ్చి, వెండి గిన్నె పక్కనే, అదే పట్టుగుడ్డ మీద సత్తు గ్లాసు పెట్టి వచ్చింది. రిబ్బను కత్తిరించారు. జనం లోపలికి వచ్చారు. ముందు ఆఫీసరు, ఆయన వెనక సంజీవయ్య, ఇమ్మానుయేలు సారు, తర్వాత రెండు గేరులూ. లూదియా గోడ పక్కన నిలబడింది, చేతిలో తెల్ల అట్ట, నల్ల సిరా పెన్ను.

"ఈ గ్లాసేందప్పా?" అని ఆఫీసరు మామూలుగానే అడిగాడు.

సంజీవయ్య మొహం మాడిపోయింది. గ్లాసు తీసేద్దామని చేయి చాపాడు. ఆ చేయి గ్లాసుకు జానెడు దూరం దాకా పోయి ఆగిపోయింది. తీసెయ్యాలంటే ముట్టుకోవాలి కదా. నూరేళ్ళ పండుగ నాడు, అంతమంది ముందు, దేవుడి బల్ల దగ్గర కూడా ఆ మనిషికి దాన్ని ముట్టుకోవడానికి చేయి రాలేదు. చూసినవాళ్ళందరికీ అర్థమైంది. "ఇమ్మానుయేలూ, నువ్వు తియ్," అన్నాడు గొంతు తగ్గించి.

ఇమ్మానుయేలు సారు ముందుకొచ్చి గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. సొట్టను బొటనవేలితో తడిమాడు. ఆయన మనవరాలు జనంలోంచి చూస్తోంది. ఆయన గ్లాసును మళ్ళీ గిన్నె పక్కనే పెట్టేశాడు.

"నేను తియ్యను సంజీవయ్యా," అన్నాడు. "మా అమ్మ గ్లాసు ఇది."

లూదియా వచ్చి బల్ల అంచున అట్ట పెట్టుకుంది. "చెప్పు పెద్దమ్మా," అంది.

దేవమ్మ చెప్పింది. పై గేరికి వెండి గిన్నె, కింది గేరికి సత్తు గ్లాసు. ఒకటి పెట్టెలో, ఒకటి గూట్లో. బూడిదతో తోమింది తానే. లూదియా ఆమె చెప్పినమాట చెప్పినట్టే పెద్ద అక్షరాలతో రాసింది. ఆఫీసరు గడియారం చూసుకుని కూడా కదల్లేదు. తర్వాత ఈస్టరు సంగతి వచ్చింది. మార్తమ్మ పేరు వినగానే కింది గేరి ముసలివాళ్ళు కొందరు తలలు దించుకున్నారు.

"గిన్నె లాక్కున్నిందెవరు?" అంది లూదియా రాస్తూనే.

"నేనే. దేవమ్మ అని రాయి."

"ఎవరు లాక్కోమన్యారు?"

పెన్ను అట్ట మీద ఆగి ఉంది. అయ్యగారు పోయి పదిహేనేళ్ళు. ఆయన పేరు రాయించినా అడిగేవాడు లేడు, కాదనేవాడూ లేడు. ఇరవై ఐదేళ్ళుగా గేరంతా నమ్మిన మాటే అది. దేవమ్మ పెదవులు తుడుచుకుంది.

"అయ్యగారు ఆ పొద్దు కండ్లు మూసుకొని ప్రార్థనలో ఉండె," అంది. "సైగ ఎవరూ చెయ్యలేదు. నన్నెవరూ చూడను గూడా లేదు. మీ అమ్మ నోరు ఆ గిన్నెకు తగుల్తాదని నాకే రోత పుట్టె. అట్లనే రాయి."

లూదియా ఆమె మొహం వైపు చూసింది. తర్వాత వంగి, అట్లాగే రాసింది.